మా అక్వేరియం కథలో సెర్గై వినోగ్రాడ్‌స్కీ

ఫ్రెండ్స్, ఈసారి సంచికకి ఒక గొప్పవాళ్ళ జీవితం గురించి రాయమన్నారు. కలాం గారి గురించీ రామానుజన్ గురించీ మీలో చాలామంది రాస్తారని తెలుసు. నేను మాత్రం మా తమ్ముడి మాలీ చేపల వల్ల పరిచయమైన ఒక పెద్దాయన గురించి రాస్తున్నాను. పేరు సెర్గై వినోగ్రాడ్‌స్కీ. మైక్రోబయాలజీ చదివేవాళ్ళకి బాగా తెలిసిన పేరే, మన సీఎస్‌ఈ వాళ్ళకే కొత్త.

ముందు చేపల సంగతి. పోయిన వేసవి సెలవుల్లో మా ఇంట్లో యాభై లీటర్ల అక్వేరియం కొన్నాం. నీళ్ళు నింపి, ఫిల్టర్ ఆన్ చేసి, ఆ సాయంత్రమే ఆరు మాలీలు వేసేశాం. నాలుగో రోజుకి రెండు చేపలు పైకొచ్చి గుటకలు వేయడం మొదలుపెట్టాయి. పదో రోజుకి ఒక్కటే మిగిలింది. నీళ్ళు చూస్తే అద్దంలా ఉన్నాయి. మేత ఎక్కువ వేసి చంపేశావని తమ్ముడిని బాగా తిట్టాను. వాడు ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. అసలు కారణం వెతుక్కుంటూ వెళ్తే ఈయన దగ్గర తేలాను.

వినోగ్రాడ్‌స్కీ 1856లో కీవ్‌లో పుట్టారు. అప్పుడది రష్యా సామ్రాజ్యంలో ఉండేది. డబ్బున్న కుటుంబం. 1873లో కీవ్ యూనివర్సిటీలో లా చదవడానికి చేరారు. నెల తిరక్కుండానే అది నచ్చక సైన్స్‌కి మారారు. అదీ నచ్చలేదు. చదువు వదిలేసి సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళి సంగీత కళాశాలలో పియానో నేర్చుకున్నారు. అక్కడా రెండేళ్ళే. 1877లో మళ్ళీ సైన్స్‌కే వచ్చి, అదే నగరంలోని యూనివర్సిటీలో చేరారు. అంటే మనలాగే ఏ బ్రాంచ్ తీసుకోవాలో తెలియక తిరిగిన మనిషే. నాకు ఆయన మీద ఇష్టం మొదలైంది ఇక్కడే.

1885లో స్ట్రాస్‌బర్గ్ వెళ్ళి, డి బారీ అనే పెద్ద వృక్షశాస్త్రవేత్త దగ్గర పనిచేశారు. గంధకం ఉన్న నీటి బుగ్గల్లో పెరిగే బెగ్గియాటోవా అనే బ్యాక్టీరియాని గమనించారు. కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువునే అది శక్తి కోసం వాడుకుంటోంది. మొక్కలు సూర్యకాంతి మీద బతుకుతాయి, మనం మొక్కల మీదో జంతువుల మీదో బతుకుతాం. ఇవి రెండూ కాకుండా మూడో దారి ఒకటుందని, వట్టి రసాయన చర్య నుంచే ప్రాణులు శక్తి తీసుకోగలవని ఆయన 1887లో చూపించారు. ఆ తర్వాత కొద్ది నెలలకే డి బారీ చనిపోయారు. వినోగ్రాడ్‌స్కీ అక్కణ్ణుంచి స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ వెళ్ళారు.

మన చేపల కథ మొదలయ్యేది జ్యూరిక్‌లోనే. మట్టిలో పేడ, మూత్రం కలిస్తే అమ్మోనియా వస్తుందని, అది మెల్లగా నైట్రేట్‌గా మారుతుందని రైతులకి మేలు చేసే ఈ మార్పు గురించి అప్పటికే తెలుసు. 1877లో ష్లోజింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంలోంచి మురుగునీటిని పంపి చూశారు. ఇరవై రోజులు ఏమీ జరగలేదు. తర్వాత అమ్మోనియా పోయి నైట్రేట్ రావడం మొదలైంది. క్లోరోఫామ్ తగిలిస్తే ఆగిపోయింది. అంటే ఆ పని చేస్తున్నవి ప్రాణులే. కానీ అవి ఏవో ఎవరికీ దొరకలేదు.

ఎందుకు దొరకలేదంటే, అప్పట్లో బ్యాక్టీరియాని పెంచాలంటే జెలటిన్ మీద మంచి పోషకాలు వేసి పెంచేవాళ్ళు. అలా పెట్టినప్పుడల్లా వేరే బ్యాక్టీరియాలే విరగబడి పెరిగేవి. వినోగ్రాడ్‌స్కీ తిరగేసి ఆలోచించారు. తిండే పెట్టకుండా, అమ్మోనియా లవణం, కొన్ని ఖనిజాలు మాత్రమే ఉన్న నీళ్ళలో మట్టి వేసి చూశారు. మిగతావి ఆకలికి వెనకబడ్డాయి. వీటికి మాత్రం అదే విందు. తర్వాత జెలటిన్ బదులు సిలికా జెల్ వాడారు. 1890, 1891 సంవత్సరాల్లో వరసగా వ్యాసాలు ప్రచురించారు. పని రెండు అంచెల్లో జరుగుతుందని తేలింది. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. వాటికి నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ అని పేర్లు పెట్టారు.

పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ ఆయన్ని రమ్మంది. ఆయన మాత్రం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కొత్తగా పెట్టిన ప్రయోగ వైద్య సంస్థకి వెళ్ళారు. గాలిలోని నత్రజనిని పట్టుకునే ఒక మట్టి బ్యాక్టీరియాని కనిపెట్టి, దానికి పాశ్చర్ పేరే పెట్టారు. 1905లో ఆరోగ్యం బాగోక పదవి వదిలేసి, ఉక్రెయిన్‌లోని సొంత ఎస్టేట్‌కి వెళ్ళిపోయారు. సైన్స్ పూర్తిగా పక్కనపెట్టి, దాదాపు పదిహేనేళ్ళు పొలాలు చూసుకున్నారు. తర్వాత విప్లవం వచ్చింది. ఆస్తి పోయింది. అరవై దాటిన వయసులో దేశం వదిలి, చివరికి బెల్‌గ్రేడ్ చేరారు.

1922లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ మళ్ళీ పిలిచింది. ఈసారి వెళ్ళారు. పారిస్ దగ్గర బ్రీ-కోంత్-రోబేర్ అనే ఊళ్ళో ల్యాబ్ పెట్టుకుని, అరవై ఆరేళ్ళ వయసులో మట్టి మీద పరిశోధన మళ్ళీ మొదలుపెట్టారు. 1933లో కూతురు ఎలెన్‌తో కలిసి పాత నైట్రిఫికేషన్ బ్యాక్టీరియా మీదే వ్యాసం ప్రచురించారు. 1949లో జీవితమంతా చేసిన పని ఒక పెద్ద పుస్తకంగా వచ్చింది. 1953లో అదే ఊళ్ళో, తొంభై ఆరో ఏట చనిపోయారు.

ఇప్పుడు మా అక్వేరియంలో ఏం జరిగిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా దాదాపు ఉండదు. చేపల మొప్పల నుంచీ, మిగిలిన మేత నుంచీ వచ్చే అమ్మోనియా అలాగే పేరుకుంటుంది. నైట్రైట్ రక్తానికి ఆక్సిజన్ మోసే బలం తీసేస్తుంది. ఈ రెండూ కంటికి కనిపించవు, అందుకే నీళ్ళు అద్దంలా ఉన్నా చేపలు చచ్చిపోయాయి. మామూలు బ్యాక్టీరియాల్లో కొన్ని అరగంట లోపే రెట్టింపు అవుతాయి, వీటికి ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టాలి. అవి ఎక్కువగా అంటుకుని పెరిగేది ఫిల్టర్ స్పాంజిలో. శుభ్రంగా ఉండాలని ఆ స్పాంజిని నేను రోజూ మున్సిపల్ కుళాయి కింద పిండి పిండి కడిగాను. వచ్చిన కొద్ది బ్యాక్టీరియాని క్లోరిన్ నీళ్ళతో నేనే పోగొట్టాను. తమ్ముడు వేసిన మేత కంటే నా శుభ్రమే పెద్ద తప్పు.

మిగిలిన ఒక్క మాలీతో మళ్ళీ మొదలుపెట్టాం. మేత చిటికెడు, అదీ రోజు విడిచి రోజు. అమ్మోనియా, నైట్రైట్ చూసే టెస్ట్ కిట్ కొన్నాం. ఏది పెరిగినా పావు వంతు నీళ్ళు మార్చాం, కొత్త నీళ్ళలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేశాం. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే మెల్లగా ముంచి తీశాం. తమ్ముడు నోట్‌బుక్‌లో రోజూ అంకెలు రాశాడు. ముందు అమ్మోనియా ఎక్కి దిగింది, తర్వాత నైట్రైట్ ఎక్కి దిగింది. వినోగ్రాడ్‌స్కీ చెప్పిన రెండు అంచెలూ మా హాల్లోనే కనిపించాయి. ఐదో వారం రెండూ సున్నా అయ్యాయి, నైట్రేట్ మాత్రమే మిగిలింది.

ఒక్క మాట. అక్వేరియంలలో రెండో అంచె పని ఎక్కువగా చేసేది నైట్రోబాక్టర్ కాదు, నైట్రోస్పైరా అని 1990లలో తేలింది. రెండు అంచెలూ ఒక్కటే చేసే నైట్రోస్పైరా కూడా ఉందని 2015లో కనిపెట్టారు. అలా తేలినా ఆయన వెతికిన దారి మాత్రం మారలేదు.

సున్నా వచ్చిన రోజు తమ్ముడికి సారీ చెప్పాను. వాడు నోట్‌బుక్ మూసి, ఇంకో రెండు మాలీలు ఎప్పుడు తెద్దామని అడిగాడు. ఒక్కసారే రెండు వద్దు, ముందు ఒకటి తెద్దాం అన్నాను.