చందమామ వెనుక చక్రపాణి

సంస్థకు మూలధనం దేహమైతే, అందులోని వారి పనితీరు ప్రాణం. ఈ సత్యం తెలిసినవారు చక్రపాణిగారు.

వీరి అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు. 1908లో తెనాలి ఐతానగరంలో జన్మించారు. యౌవనంలో క్షయవ్యాధి సోకి మదనపల్లె శానిటోరియంలో చికిత్స పొందుతూ వంగభాష నేర్చుకొన్నారు. శరత్ నవలలను తెనిగించారు. రోగశయ్యను విద్యాపీఠంగా మార్చుకొన్న పట్టుదల వారిది.

మద్రాసులో బి. నాగిరెడ్డిగారి స్నేహం లభించింది. 1947 జూలైలో ఇరువురూ 'చందమామ'ను ప్రారంభించారు. అనంతరం విజయా ప్రొడక్షన్స్ పక్షాన 1950లో 'షావుకారు', 1951లో 'పాతాళభైరవి', 1957లో 'మాయాబజార్' వెలువడినవి. ముద్రణ, వ్యాపార నిర్వహణ ప్రధానంగా నాగిరెడ్డిగారివి. కథ, భాష, అభిరుచి చక్రపాణిగారివి. బాధ్యతలకు హద్దులుండేవి, మైత్రికి లేవు.

1952 నుండి చందమామను తీర్చిదిద్దినవారు తెనాలివారే అయిన కొడవటిగంటి కుటుంబరావుగారు. హేతువాది అయిన ఆ రచయిత పురాణగాథలను సైతం పిల్లలకు సుబోధంగా చెప్పారు. ఎవరు వ్రాసిన కథయైనా చందమామ భాషలోనికి ఒదగవలసిందే. తెలుగు ప్రతియే ఇతర భాషల ప్రతులకు మూలమైంది. అయితే సంపాదకునిగా కుటుంబరావుగారి పేరు పత్రికపై కనిపించేది కాదు. పత్రికకు ఏకకంఠం లభించింది. దానికి మూల్యం ఒక మహారచయిత అజ్ఞాతం. ఇది న్యాయమా అన్న ప్రశ్న సహజమే.

1975లో చక్రపాణిగారు దివంగతులైనారు. అయినా కుటుంబరావుగారు 1980లో తుదిశ్వాస విడిచేవరకు ఆ పని మానలేదు. నేడు చందమామ వెలువడటం లేదు. స్థాపకుని అనంతరమూ సాగిన ఆ కృషియే చక్రపాణిగారి నిర్మాణదక్షతకు నిదర్శనం. పేరు లేక శ్రమించినవారిని స్మరించడం మన విధి.