ఆర్మేనియన్ల ఆత్మబంధువు కారెన్ యెప్పే

ఒక జాతి తన ఉనికిని గ్రంథాలలోనే గాక చేతిపనులలో కూడా పదిలపరచుకొంటుంది. తల్లి కూతురికి నేర్పిన కుట్టులో వారి ఊరి గుర్తు ఉంటుంది. ఆ విద్యను నేర్పవలసిన తల్లియే లేకుండా పోయిన నాడు, తరతరాల సంపద ఒక్క తరంలోనే అంతరించే ప్రమాదం ఏర్పడుతుంది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో ఆర్మేనియన్ జాతికి అటువంటి దుర్దశ ప్రాప్తించింది. ఆ కష్టకాలంలో వారిని ఆదుకొన్న విదేశీ వనిత కారెన్ యెప్పే.

కారెన్ యెప్పే 1876 జూలై 1వ తేదీన డెన్మార్క్ దేశంలోని గ్యులింగ్ గ్రామంలో జన్మించింది. తండ్రి బడిపంతులు. ఉన్నత విద్యకై కోపెన్‌హాగెన్ చేరినా, ఆరోగ్యం సహకరించక చదువు మధ్యలోనే ఆగిపోయింది. అనంతరం ఆమె ఉపాధ్యాయవృత్తిని చేపట్టింది. 1902లో ఓగె మేయర్ బెనెడిక్ట్‌సెన్ అనే పండితుని ఉపన్యాసం ద్వారా తుర్కీ సామ్రాజ్యంలోని ఆర్మేనియన్ల దీనస్థితి ఆమెకు తెలిసింది. ఆ వార్త ఆమె జీవితగమనాన్నే మార్చివేసింది. స్వదేశంలోని సుఖాన్ని విడిచి, 1903లో ఊర్ఫా పట్టణానికి తరలి వెళ్లింది.

ఊర్ఫా అప్పటికే కన్నీటిపట్టణం. 1895లో జరిగిన మారణకాండలో అక్కడి ఆర్మేనియన్లు వేల సంఖ్యలో హతులయ్యారు. అనాథలైన బాలబాలికల కొరకు జర్మన్ మతాచార్యుడు యోహానెస్ లెప్సియస్ అక్కడ ఒక అనాథాశ్రమాన్ని నెలకొల్పాడు. వితంతువులు, అనాథలు తమ కాళ్లపై తాము నిలబడేందుకు తివాచీల నేతశాల కూడా ఏర్పడింది. కారెన్ ఆ ఆశ్రమంలో ఉపాధ్యాయిని అయింది. ఆర్మేనియన్ భాషను శ్రద్ధగా అభ్యసించింది. అక్షరాలను వాటి ధ్వనుల ఆధారంగా నేర్పే పద్ధతిని ప్రవేశపెట్టి, పిల్లలకు చదువును సులభతరం చేసింది. మిసాక్ అనే అనాథ బాలుని, లూసియా అనే బాలికను తన బిడ్డలుగా పెంచుకొంది.

1915లో అంతకు మించిన విపత్తు వచ్చిపడింది. ప్రభుత్వం ఆర్మేనియన్లను స్వస్థలాల నుండి వెళ్లగొట్టి, ఎడారి దారి పట్టించింది. లక్షలాది ప్రజలు హత్యలకు, ఆకలికి, రోగాలకు బలియైపోయారు. కారెన్ ప్రాణభయాన్ని లెక్కచేయక, తన ఇంటిలో శరణార్థులను దాచి కాపాడింది. ఆ భయానక దృశ్యాలు ఆమె ఆరోగ్యాన్ని క్రుంగదీశాయి. చివరకు ఆమె డెన్మార్క్ చేరవలసివచ్చింది. దేహం స్వదేశంలో ఉన్నా మనస్సు మాత్రం ఆ అభాగ్యులనే తలచుకొంటూ ఉండేది.

1921లో కారెన్ సిరియాలోని అలెప్పో నగరానికి వచ్చింది. నానాజాతి సమితి ఆమెకు ఒక గురుతర బాధ్యతను అప్పగించింది. వలస దారులలో అపహరణకు గురై, పరాయి ఇండ్లలో చిక్కుకొన్న స్త్రీలను, పిల్లలను విడిపించుటయే ఆ బాధ్యత. అలా విముక్తులైన వారి కొరకు ఆమె అలెప్పోలో ఆశ్రయగృహాన్ని నడిపింది. వచ్చిన ప్రతివ్యక్తి పేరు, తల్లిదండ్రుల వివరాలు, స్వగ్రామం, అనుభవించిన కష్టాలు ఛాయాచిత్రంతో సహా నమోదయ్యేవి. అటువంటి నమోదులు 1,600కు పైగా ఉన్నాయి. బంధువుల ఆచూకీ తెలుసుకొనుటకు అవి ఆధారమయ్యాయి. పసితనంలోనే తల్లికి దూరమైన పలువురు మాతృభాషను సైతం మరచిపోయారు.

ఆశ్రయం, ఆహారం మాత్రమే మనిషిని నిలబెట్టలేవని కారెన్ గ్రహించింది. అందుకే చేతిపనుల శిక్షణకు ప్రాధాన్యమిచ్చింది. ఆమె ఏర్పరచిన కుట్టుశాలలో స్త్రీలు పూర్వపు ఆర్మేనియన్ నమూనాలను అనుసరించి వస్త్రాలపై సూదిపని చేసేవారు. ఆర్మేనియన్లలో ఒక్కొక్క పట్టణానికి ఒక్కొక్క కుట్టు ప్రసిద్ధం. అయింతాబ్ పనిలో తెల్లని వస్త్రం నుండి కొన్ని పోగులను లాగివేసి, మిగిలిన పోగులను తెల్లదారంతోనే ముడివేసి జాలరు వంటి అల్లికను తీర్చుతారు. మరాష్ పనిలో దారాలను ఒకదానిలోనికి మరొకటి పెనవేసి, చిక్కని ఆకృతులను రూపొందిస్తారు. ఆ పట్టణాలలో ఆర్మేనియన్ల ఇండ్లు ఖాళీ అయిపోయాయి. వారి కుట్లు మాత్రం శరణార్థి స్త్రీల వ్రేళ్లలో మిగిలాయి. కారెన్ కుట్టుశాలలో తయారైన వస్త్రాలు డెన్మార్క్‌లో అమ్ముడయ్యేవి. అందువల్ల రెండు ప్రయోజనాలు సిద్ధించాయి. పరుల దయపై ఆధారపడిన స్త్రీకి స్వార్జితం లభించింది. విడిపోయిన తరాల నడుమ తెగిన పోగు తిరిగి అతుకుకొంది.

1927లో నానాజాతి సమితి ఆర్థిక సహాయం నిలిచిపోయింది. అయినా కారెన్ తన కృషిని విరమించలేదు. డెన్మార్క్ మిత్రుల విరాళాలతో సేవను కొనసాగించింది. బెదూయిన్ నాయకుడు హాజిమ్ పాషా సహకారంతో శరణార్థులకు వ్యవసాయక్షేత్రాలను కూడా సమకూర్చింది. ఒక జాతి చేసిన ద్రోహానికి మరొక జాతిని ద్వేషించక, అరబ్బుల స్నేహాన్ని సంపాదించుట ఆమె ఔదార్యానికి నిదర్శనం.

1935 జూలై 7వ తేదీన కారెన్ యెప్పే అలెప్పోలోనే కన్నుమూసింది. తాను సేవించిన ప్రజల శ్మశానవాటికలోనే ఆమె శాశ్వతనిద్ర పొందింది. 1947లో అలెప్పోలోని ఆర్మేనియన్లు తమ విద్యాలయానికి ఆమె పేరు పెట్టి కృతజ్ఞతను ప్రకటించుకొన్నారు. ప్రపంచంలో నలుదిక్కులకు చెదరిన ఆర్మేనియన్ కుటుంబాలలో మరాష్, అయింతాబ్ కుట్లు నేటికీ సజీవంగా ఉన్నాయి. ఆ కుట్లు తరం నుండి తరానికి అందుటకు అజ్ఞాత వనితలు ఎందరో శ్రమించారు. వారికి నీడనిచ్చి, చేతికి సూదీదారం అందించిన మహనీయురాలిగా కారెన్ యెప్పే చిరస్మరణీయురాలు.