జోస్యం వదిలి షేర్లు పట్టుకున్న కీన్స్

దేశాల బడ్జెట్ల మీద ఇప్పటికీ నీడ పరిచే ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్. సొంత డబ్బు విషయంలో మాత్రం ఆయన చాలాసార్లు చేతులు కాల్చుకున్నారు. 1883లో కేంబ్రిడ్జిలో పుట్టారు. తొలి ఉద్యోగం లండన్‌లోని ఇండియా ఆఫీసులో, 1913లో వచ్చిన తొలి పుస్తకం మన రూపాయి వ్యవస్థ మీద. భారతదేశంలో మాత్రం ఎన్నడూ అడుగు పెట్టలేదు.

1920లో యూరప్ కరెన్సీలు పడిపోతాయని పందెం కాశారు. అంచనా సబబే, కానీ అవి పడేలోపు కొన్ని వారాలు పెరిగాయి. అప్పు చేసి కాసిన పందెం కావడంతో అంతా పోయింది. స్నేహితుల డబ్బు కూడా అందులో ఉంది. పుస్తకాల రాబడితో, అరువు తెచ్చిన సొమ్ముతో తేరుకున్నారు.

1924లో కింగ్స్ కాలేజీ ఖజానా పూర్తిగా ఆయన చేతికి వచ్చింది. కాలేజీల సొమ్ము భూముల్లో, ప్రభుత్వ బాండ్లలో ఉండటమే అప్పటి ఆనవాయితీ. కీన్స్ కొంత భూమి అమ్మించి షేర్లు కొనిపించారు. ఎడ్గర్ లారెన్స్ స్మిత్ అనే అమెరికన్ రాసిన పుస్తకాన్ని 1925లో సమీక్షిస్తూ ఒక కీలక విషయం పట్టుకున్నారు. మంచి కంపెనీ లాభమంతా పంచిపెట్టదు. కొంత వ్యాపారంలోనే తిరిగి పెడుతుంది. అది చక్రవడ్డీలా పనిచేసి, ఏళ్లు గడిచేకొద్దీ లాభాన్నీ డివిడెండునూ పెంచుతుంది. బాండు వడ్డీ మాత్రం మొదటి రోజు ఎంతో చివరి రోజూ అంతే, ధరలు ఎంత పెరిగినా సరే.

విషయం తెలిసినా ఆచరణకు చాలా ఏళ్లు పట్టింది. మార్కెట్ ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు పడుతుందో పట్టగలనన్న నమ్మకం ఆయనను వదల్లేదు. 1928లో రబ్బరు, పత్తి వంటి సరుకుల పందేల్లో నష్టపోయారు. మరుసటి ఏడాది వచ్చిన మహా పతనాన్నీ ముందుగా పసిగట్టలేకపోయారు. ఆర్థిక చక్రాల గుట్టు అందరికన్నా బాగా ఎరిగిన మనిషికే ఆ గతి పట్టింది!

ఆ తర్వాత పద్ధతి మారింది. తనకు బాగా తెలిసిన కొద్ది కంపెనీలనే ఎంచి, అసలు విలువకన్నా చవగ్గా దొరికినప్పుడు కొని, ఏళ్ల తరబడి ఉంచుకునేవారు. ఆస్టిన్ మోటార్స్, దక్షిణాఫ్రికా బంగారు గనుల కంపెనీ యూనియన్ కార్పొరేషన్ అలాంటివే.

అసలు పరీక్ష 1937లో వచ్చింది. గుండె జబ్బుతో మంచం పట్టిన ఆ ఏడాదే మార్కెట్ కూలింది. 1938 చివరికి సొంత ఆస్తిలో సగానికి పైగా కరిగిపోయింది. అప్పు తీర్చడానికి కొన్ని షేర్లు అమ్మక తప్పలేదు. తాను అధ్యక్షుడిగా ఉన్న నేషనల్ మ్యూచువల్ బీమా సంస్థలో నష్టాలపై విమర్శలు రేగితే, పడిపోతున్న మార్కెట్లో తెగనమ్మడం సరికాదని వాదించి చివరకు పదవి వదులుకున్నారు. కాలేజీ షేర్లను మాత్రం చాలావరకు కదల్చలేదు.

1946 ఏప్రిల్ 21న కీన్స్ కన్నుమూశారు. 1920లో సుమారు 30 వేల పౌండ్లున్న కాలేజీ ప్రత్యేక నిధి అప్పటికి దాదాపు 3.8 లక్షలకు చేరింది. ఏటా వచ్చిన డివిడెండ్లు ఈ లెక్కలో లేవు. వాటిని కాలేజీ ఎప్పటికప్పుడు తన ఖర్చులకు వాడుకుంది.