చక్రాలకు మిగిలిన పేరు: రుడాల్ఫ్ అకర్మన్

మోటారు కారు ముందుటైర్లు ఒకవైపే అరిగిపోతున్నప్పుడు దానిని పరీక్షించే నిపుణుల నోట ఒక జర్మను పేరు వినిపించడం కద్దు. ఆ పేరు అకర్మన్. మలుపు తిరిగే వేళ రెండు ముందుచక్రాలు ఏయే కోణాలలో తిరగాలో తెలిపే సూత్రాన్ని ఇంజనీర్లు ప్రపంచమంతటా ఆ పేరుతోనే వ్యవహరిస్తారు. అయితే ఆ పేరు గల వ్యక్తి మోటారు కారును ఎన్నడూ చూడలేదు. గాలి నింపిన రబ్బరు టైరును ఎరుగడు. ఆయన కన్నుమూసిన యాభై రెండేళ్ళకు గాని పెట్రోలుతో నడిచే బెంజ్ బండికి పేటెంటు రాలేదు. జీవించి ఉన్న కాలంలో ఆయనకు కీర్తి తెచ్చినవి బొమ్మల పుస్తకాలు; మరణానంతరం ఆ కీర్తిని నిలిపినవి చక్రాలు. ఆ రెండవ కీర్తిలో అధికభాగం న్యాయంగా ఇతరులకు చెందవలసినది.

రుడాల్ఫ్ అకర్మన్ 1764 ఏప్రిల్ 20వ తేదీన జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో స్టోల్‌బెర్గ్ అనే పట్టణంలో జన్మించాడు. తండ్రి గుర్రపు జీనులు తయారుచేసే వృత్తిదారుడు. బాలుడు కొంతకాలం లాటిన్ పాఠశాలలో చదివి, పిదప తండ్రి పనిశాలలోనే శిష్యుడైనాడు. తోలును కోయడం, కుట్టడం అలవడింది గాని, అతని మనసు జీనుల మీద కంటె ఆ గుర్రాలు లాగే బండ్ల రూపురేఖల మీదనే లగ్నమైంది. బండ్ల నమూనాలను గీయడం ఆ కాలంలో ప్రత్యేకమైన విద్య. వడ్రంగి, కమ్మరి, తోలుపనివాడు, రంగులు వేసేవాడు, బంగారు మలాము పూసేవాడు, ఇందరి పనిని ముందుగా కాగితం మీద సమన్వయపరచేవాడు నమూనాకారుడు. ఆ విద్యకోసం అకర్మన్ స్వస్థలం విడిచి స్విట్జర్లండు, పారిస్, బ్రస్సెల్స్ నగరాలలో పనిచేసి, 1787 ప్రాంతంలో లండను చేరుకున్నాడు.

లండనులో ఆయనకు త్వరలోనే గుర్తింపు లభించింది. ప్రముఖులైన బండ్ల తయారీదారులు ఆయన చేత నమూనాలు గీయించుకొనేవారు. ఆ నమూనాలను ఆయన పుస్తకాలుగా అచ్చువేయించాడు. అచ్చుపనిలోని మెలకువలు ఈ విధంగా చేతికి వచ్చాయి. ఒక ఆంగ్ల యువతిని వివాహమాడి అక్కడే స్థిరపడ్డాడు. 1795లో స్ట్రాండ్ అనే ప్రధాన వీథిలో చిత్రముద్రణలు విక్రయించే అంగడిని తెరచి, దానితోపాటు చిత్రలేఖన పాఠశాలను కూడ నడిపాడు. ఫ్రెంచి విప్లవం వల్ల నిరాశ్రయులై వచ్చిన ప్రభువంశీయులకు అలంకార వస్తువులను తయారుచేసే పని కల్పించి ఆదుకున్నాడు.

అచ్చు వ్యాపారంలో ఎంత ఎదిగినా ఆయన బండిని మరువలేదు. ట్రఫాల్గర్ యుద్ధంలో మరణించిన నౌకాసేనాని నెల్సన్ అంత్యయాత్రకు శకటాన్ని రూపొందించే బాధ్యతను ఆయనకే అప్పగించారు. 1806 జనవరి 9న లండను వీథులలో సాగిన ఆ శకటం ముందువెనుకల భాగాలు నెల్సన్ నడిపిన విక్టరీ నౌకను తలపించేటట్లు అమర్చబడ్డాయి. అటుపైన మూడేళ్ళలో లండను నగర జీవితాన్ని నూటనాలుగు వర్ణచిత్రాలలో చూపిన ఉద్గ్రంథం వెలువడసాగింది. 1809లో ఆరంభమైన ఆయన మాసపత్రిక కళలు, వస్త్రాలు, గృహాలంకరణలను గురించి దాదాపు ఇరవై ఏండ్లపాటు నడిచింది. 1813లో లైప్జిగ్ వద్ద జరిగిన ఘోరయుద్ధంలో స్వదేశీయులు సర్వం కోల్పోగా, ఇంగ్లండులో విరాళాలు సేకరించి పంపే పనిలో అకర్మన్ తన వ్యాపారాన్ని పక్కనపెట్టి శ్రమించాడు. స్వదేశంతో ఆయనకుగల ఈ అనుబంధమే చక్రాల కథకు మూలమైంది.

మ్యూనిక్ నగరంలో గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ అనే బండ్ల తయారీదారుడు ఉండేవాడు. నాలుగు చక్రాల బండి మలుపు తిరిగే తీరులో ఒక గొప్ప మార్పును అతడు కనిపెట్టాడు. దానిని గ్రహించాలంటే పాత పద్ధతిలోని లోపం తెలియాలి.

మన ఎడ్లబండికి రెండే చక్రాలు. ఎడ్లు తిరిగిన వైపు ఇరుసుతో సహా బండి తిరుగుతుంది. లోపలి చక్రం నెమ్మదిగా, వెలుపలి చక్రం వేగంగా దొర్లుతాయి. చిక్కంతా నాలుగు చక్రాలతోనే. దేవాలయ రథోత్సవాన్ని చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. రథపు ఇరుసులు పక్కకు తిరగవు. మాడవీథి మలుపు వద్ద చక్రాల కింద కొయ్య దిమ్మెలు వేసి, మోకులను పక్కకు లాగి రథాన్ని మళ్ళిస్తారు. ఆ క్షణంలో చక్రాలు దొర్లడం కంటె నేలను ఒరుసుకొంటూ జరగడమే ఎక్కువ. ఏడాదికొక పర్యాయం కదిలే రథానికి అది చెల్లుతుంది గాని దినదినమూ పరుగెత్తే బండికి చెల్లదు.

అందుచేత ఐరోపా బండ్లలో ముందు ఇరుసు మొత్తాన్ని మధ్యలో ఒక పెద్ద మేకు మీద తిరిగేటట్లు అమర్చేవారు. ఇరుసు తిరిగినప్పుడు చక్రాలు బండి అడుగుకు వచ్చేవి. అవి అక్కడ ఇమడడం కోసం ముందుచక్రాలను చిన్నవిగా చేయవలసి వచ్చేది. అంతకంటె ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉంది. ఇరుసు బాగా పక్కకు తిరిగితే బండి ఆధారం చతురస్రం నుండి త్రికోణంగా కుంచించుకుపోయి, వేగంలో ఉన్న బండి బోల్తాపడేది. లాంకెన్‌స్పెర్గర్ ఇరుసును కదలనీయలేదు. దాని రెండు కొనలలో వేరువేరు శీలలు అమర్చి, ఒక్కొక్క చక్రం తన శీల మీద తాను తిరిగేటట్లు చేసి, రెండింటినీ ఒక కడ్డీతో కలిపాడు. బండి ఎంత తిరిగినా నాలుగు చక్రాల ఆధారం దాదాపు చెక్కుచెదరదు. దీనిని పోలిన ఆలోచన అంతకు అర్ధశతాబ్దం క్రితమే ఇంగ్లండులో ఎరాస్మస్ డార్విన్ అనే వైద్యునికి తట్టింది. పరిణామవాది చార్లెస్ డార్విన్‌కు ఆయన పితామహుడు. రోగులను చూడడానికి నిత్యం బండిలో తిరిగే ఆ వైద్యుడు దానికి పేటెంటు తీసుకోలేదు.

మ్యూనిక్ నగరవాసి ఇంగ్లండులో తన హక్కును కాపాడుకోవాలంటే అక్కడ ఒక ప్రతినిధి అవసరం. విదేశీయుడు తెలియజేసిన నూతన కల్పనకు స్వదేశంలో పేటెంటు పొందడాన్ని నాటి ఆంగ్ల న్యాయం అంగీకరించేది. బండ్లను, వాటి మార్కెట్టును, ఉభయభాషలను ఎరిగిన అకర్మన్ అందుకు సరియైన వ్యక్తి. 1818లో ఆయన పేరిట పేటెంటు మంజూరైంది. ఆ మరుసటి సంవత్సరం కదిలే ఇరుసుల ప్రయోజనాలను వివరిస్తూ ఆయన ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. ఇందులో దొంగతనం లేదు, వంచన లేదు. కాని పుస్తకం మీదా, పేటెంటు మీదా అచ్చైనది ప్రతినిధి పేరే. లోకం అచ్చులో ఉన్నదానినే గుర్తు పెట్టుకొన్నది.

లండను బండ్ల తయారీదారులు ఈ నూతన పద్ధతిని ఆదరించలేదు. అలవాటైన పనిని మార్చుకోవడానికి వారికి ఇష్టం లేకపోవడం ఒక కారణం. వారి అభ్యంతరాలన్నీ అసూయాజనితాలని చెప్పడం మాత్రం సరికాదు. గతుకుల బాటలలో ఎక్కువ కీళ్ళు గల అమరిక త్వరగా వదులవుతుంది. గుర్రం తన నొగలతో ఇరుసును సూటిగా తిప్పే పాత పద్ధతి మోటుదే అయినా చౌకైనది, ఏ పల్లెటూరి కమ్మరి అయినా బాగుచేయగలిగినది. ఫలితంగా ఆ పేటెంటు అకర్మన్‌కు చెప్పుకోదగిన లాభం తేలేదు. ఆయన మళ్ళీ పుస్తకాలనే ఆశ్రయించాడు. శిలాముద్రణను ఇంగ్లండులో ప్రచారం చేశాడు. బహుమతిగా ఇచ్చుకొనే వార్షిక సంచికల సంప్రదాయానికి 1822లో నాంది పలికాడు. స్పానిష్ భాషలో గ్రంథాలు అచ్చువేసి దక్షిణ అమెరికాకు పంపాడు. చివరి సంవత్సరాలలో పక్షవాతానికి గురై, 1834 మార్చి 30న లండను సమీపంలోని ఫించ్‌లీలో మరణించాడు.

ఆయనతోపాటే మరుగునపడవలసిన పేటెంటుకు గుర్రం లేని బండి ప్రాణం పోసింది. యంత్రంతో నడిచే బండికి నొగలు లేవు; చక్రాలను తిప్పవలసినవాడు లోపల కూర్చున్న మనిషి. భారీ ఇరుసు మొత్తాన్ని తిప్పడం కంటె రెండు చక్రాలను కొద్దికొద్దిగా తిప్పడం అతనికి తేలిక. 1873లో ఫ్రాన్సు దేశంలో అమేదే బోలే తన ఆవిరిబండిలో ఈ పద్ధతిని వాడాడు. కార్ల్ బెంజ్ 1886లో తన మొదటి బండిని మూడు చక్రాలతోనే నడిపాడు. నాలుగు చక్రాలను సక్రమంగా తిప్పే అమరికకు ఆయన పేటెంటు పొందినది 1893లో. నడుమ 1878లో పారిస్ నగరవాసి షార్ల్ జాంతో చక్రాల కోణాలను రేఖాచిత్రంతో స్పష్టపరచాడు. నేడు అకర్మన్ పేరుతో చెప్పే లెక్క అసలు ఆ చిత్రానిదే.

లెక్క కఠినమైనది కాదు. మలుపులో నాలుగు చక్రాలూ ఒకే కేంద్రం చుట్టూ తిరగాలి. లోపలి చక్రానికి దారి చిన్నది, వెలుపలి చక్రానికి పెద్దది. ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2.4 మీటర్లు, ముందుచక్రాల శీలల మధ్య దూరం 1.2 మీటర్లు అనుకొందాం. మలుపు కేంద్రం వెనుక ఇరుసు రేఖ మీద, లోపలి శీల గీత నుండి 4.8 మీటర్ల ఎడంలో ఉంటే, లోపలి చక్రం సుమారు 27 డిగ్రీలు తిరగాలి. వెలుపలి చక్రం 22 డిగ్రీలే తిరగాలి. రెండింటినీ సమానంగా తిప్పితే ఏదో ఒకటి తన దారిని వీడి పక్కకు ఈడ్వబడుతుంది. ఇనుప పట్టా గల చక్రమైతే కీచుమని ఊరుకొనేది. రబ్బరు మాత్రం ఆ అయిదు డిగ్రీల తేడాకు తన మేనితో మూల్యం చెల్లిస్తుంది.

అయినా టైరు అరుగుదల ప్రతిదానికీ ఈ లెక్కే కారణం కాదు. గాలి తక్కువైతే టైరు రెండు అంచులూ అరుగుతాయి. ఎక్కువైతే నడుమ అరుగుతుంది. చక్రం లోపలికో వెలుపలికో ఒరిగి నిలిస్తే, అంటే కాంబర్ తప్పితే, ఆ వైపు అంచు నున్నబడుతుంది. అక్కడక్కడ గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లనో, చక్రాల బ్యాలెన్సునో శంకించాలి. కాలివ్రేళ్ళు లోపలికి తిప్పి నడిచే మనిషివలె ముందుచక్రాలు తిన్నని దారిలోనే ఒకదాని వైపు ఒకటి మితిమీరి చూస్తుంటే, దానిని టో దోషమంటారు. అప్పుడు టైరు మీద అరచేతిని అడ్డంగా నడిపితే ఒక దిశలో నునుపు, ఎదురు దిశలో రంపపు పళ్ళ వంటి గరుకు తగులుతుంది.

టో సరిచేసినా, గాలి సరిగా ఉన్నా టైర్లు ఒరుసుకొనిపోతూ, ఇరుకు మలుపులలో కీచుమంటుంటే, అప్పుడు మాత్రమే నిపుణుడు అకర్మన్‌ను తలచుకొంటాడు. ముందుచక్రాలను తిరిగే పళ్ళేల మీద నిలిపి, ఒకదానిని ఇరవై డిగ్రీలు తిప్పి రెండవది ఎంత తిరిగిందో చూస్తాడు. అనంతరం ఎదురు దిశలోను అదే పరీక్ష చేస్తాడు. దొరికిన అంకెను సరిపోల్చవలసినది పుస్తకంలోని జ్యామితితో కాదు, ఆ కారు తయారీదారు ఇచ్చిన అంకెతో. రబ్బరు సాగే గుణాన్ని, వేగాన్ని దృష్టిలో ఉంచుకొని తయారీదారులు శుద్ధమైన లెక్క నుండి కొంత బుద్ధిపూర్వకంగానే తొలగుతారు. అంకె కుదరకపోతే, గుంటలోనో రోడ్డు అంచుకో తగిలి చక్రాన్ని తిప్పే స్టీరింగు చేయి వంగిందని అనుమానించాలి. వంగినదానిని కొట్టి సరిచేయరు. తీసివేసి కొత్తది బిగిస్తారు. కొత్త టైర్లు వేయడం ఆ తరువాతి పని.