గుర్రాల వెంట వచ్చిన మీర్ జుమ్లా

చిలకలపూడి నుండి బందరు కోట వైపు నడిచే మన విద్యార్థులకు నేడు దారిలో గుర్రం కనిపించడం అరుదు. జట్కా బండ్లు పోయినవి. లాయాలు పోయినవి. ఉలవలు మన ఇండ్లలో చారుకు మాత్రమే మిగిలినవి. కాని ఒకనాడు ఇదే తీరంలో ఇరాన్ గుర్రాలు ఓడలు దిగి గోల్కొండ బాట పట్టేవి. ఆ గుర్రాలతో బ్రతుకు ముడివడిన ఒక ప్రసిద్ధ పురుషుని జీవితాన్ని ఇక్కడ స్మరింపదలచినాము.

మీర్ ముహమ్మద్ సయీద్ 1591 ప్రాంతంలో ఇరాన్‌లోని అర్దిస్తాన్‌లో జన్మించాడు. తండ్రి నిరుపేద నూనె వర్తకుడు. బాలునికి ఏడేండ్ల ప్రాయంలో, 1598లో, షా అబ్బాస్ ఇస్ఫహాన్‌ను రాజధానిగా చేసుకొన్నాడు. దేశదేశాల బిడారులు విడిది చేసే ఆ నగరపు నీడలో పెరిగిన పేద బాలుడు సంపాదించుకొన్న ఆస్తి ఒక్కటే: చదవడం, వ్రాయడం, లెక్క కట్టడం. ఆ విద్యతోనే వర్తకుల వద్ద గుమాస్తా అయినాడు. గోల్కొండకు గుర్రాలు తెచ్చిన ఒక వర్తకుని కొలువులో ఆయన ఈ దేశానికి వచ్చినట్లు ఒక కథనం కలదు.

గుర్రాన్ని కొనుట ఒకనాటి ఖర్చు. పోషించుట ప్రతిదినపు ఖర్చు. ఓడలో దానికి మేత, మంచినీరు మోయాలి. దారిలో కొన్ని చచ్చిపోతే ఆ నష్టమూ మిగిలిన వాటి ధరలోనే కలుస్తుంది. ఒడ్డు చేరిన పిదప ఉడికించిన ఉలవలు, గడ్డి, లాడములు, జీను, మాలిష్ చేసే మనిషికి జీతం తప్పవు. ఎద్దు పనిలేని నాడు ఎండుగడ్డితో సరిపెట్టుకొంటుంది. యుద్ధాశ్వానికి మాత్రం పని ఉన్నా లేకున్నా దాణా ఆగరాదు. ఈ లెక్క తెలిసినవానికి రాజ్యపు లెక్క కూడా తెలియడంలో ఆశ్చర్యం లేదు.

వజ్రాల వర్తకంలో ధనవంతుడై, సయీద్ అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో చేరినాడు. 1630వ దశకంలో మన మచిలీపట్నానికి హవల్దారుగా వచ్చి రేవు వ్యవహారాలు నడిపినాడు. తరువాత మీర్ జుమ్లా పదవి పొందినాడు. ఆ పదవి పేరే ఆయనకు లోకంలో పేరై నిలిచినది. ఆయన సొంత ఓడలు ఇరాన్, అరకాన్, పెగూ రేవులకు తిరిగేవి. కర్ణాటక దండయాత్రలో 1650లో గండికోటను పట్టుకొన్నాడు. అప్పటికి ఆయన సొంత ఆశ్విక దళమే నాలుగైదు వేలని చరిత్రకారుల అంచనా. 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, గుడారంలో కాలివేళ్ళ సందున, చేతివేళ్ళ సందున ఉత్తరాలు ఇరికించుకొని జవాబులు చెప్పి వ్రాయిస్తున్న మీర్ జుమ్లాను చూచినాడు. గుమాస్తా సేనాపతి అయినా గుమాస్తాతనం పోలేదన్నమాట!

ఇంత సేన ఒక ఉద్యోగి చేతిలో ఉండుట సుల్తానుకు అనుమానం కలిగించినది. 1655లో మీర్ జుమ్లా కుమారుడు బందీ అయినాడు. తండ్రి ఔరంగజేబు పక్షం చేరినాడు. మరుసటి యేడే మొగలు సేనలు గోల్కొండను ముట్టడించినవి. తన్ను పెంచిన రాజ్యానికి ఆయన చేసిన ఈ ద్రోహాన్ని మేము కప్పిపుచ్చజాలము. షాజహాన్ ఆయనకు ఆరువేల మన్సబు నిచ్చినాడు. మన్సబు అంటే గౌరవమే కాదు, ఇన్ని గుర్రాలను పోషించి చూపవలెనన్న బాధ్యత కూడా.

బెంగాలు సుబేదారుగా 1661లో ఆయన కూచ్ బిహార్, అస్సాంలపై దండెత్తినాడు. 1662 మార్చిలో అహోం రాజధాని గఢ్‌గావ్ వశమైనది. కాని వానలు ముంచుకొచ్చినవి. దారులు మునిగి, శిబిరాలు దీవులై, అహోములు సరఫరాలను తెంచివేసినారు. దాణా లేక గుర్రాలు కూలిపోయినవి. సైనికులు గుర్రపు మాంసంతో ఆకలి తీర్చుకొన్నారు. సేనాపతి కూడా సామాన్యుని ముతక తిండే తిన్నాడు. 1663 ఆరంభంలో సంధి చేసుకొని, రోగంతో వెనుదిరిగి, మార్చి చివర ఢాకా చేరువలో కన్నుమూసినాడు. ఆయన సమాధి నేటికీ అస్సాంలోని మన్కాచార్ వద్ద గుట్టపై ఉన్నది.

విద్యార్థులారా! అక్షరజ్ఞానం ఒక నూనె వర్తకుని కుమారుని ఎంత ఎత్తుకు చేర్చగలదో ఈ జీవితం చెబుతున్నది. కాని ఆ వేలాది గుర్రాలు తిన్న దాణా ఏదో ఒక రైతు పొలంలో పండినదే, ఏదో ఒక ఊరి శిస్తుతో కొన్నదే. ఎక్కినవాని పేరు చరిత్రలో నిలిచినది. మేపినవాని పేరు నిలువలేదు. బందరు తీరాన నడిచేటప్పుడు ఆ ఇద్దరినీ తలచుకొనవలెనని మా కోరిక.