బానిసల ఓడ నుండి ప్రసంగపీఠము వరకు – జాన్ న్యూటను జీవితములో దేవుని క్షమాపణ

మన డయోసిస్ నూరు సంవత్సరములు పూర్తి చేసుకొన్న ఈ శుభసమయములో దేవుడు చేసిన మేలులను లెక్కించుకొంటున్నాము. కట్టిన దేవాలయములు, నడిపిన పాఠశాలలు, ఆసుపత్రులు, సేవ ముగించి ప్రభువు సన్నిధికి వెళ్ళిన దైవజనులు – వీటన్నిటికి ఈ సంచికలో తగిన స్థానము ఉంటుంది. అయితే ఈ మేలులన్నిటికి మూలమైన మేలు ఒకటి ఉన్నది. అది పాపక్షమాపణ. సంఘము క్షమింపబడినవారి సమాజమే గాని మంచివారి సమాజము కాదు. ఈ సత్యమును సిద్ధాంతముగా వివరించుట కంటె ఒక మనుష్యుని బ్రతుకులో చూపుట మేలని తలచి, జాన్ న్యూటను జీవితమును ఇక్కడ క్లుప్తముగా వ్రాస్తున్నాము.

ఆయన వ్రాసిన అమేజింగ్ గ్రేస్ అనే కీర్తన ఎరుగని క్రైస్తవులు అరుదు. తుఫానులో ప్రాణము దక్కిన బానిసల వ్యాపారి ఆ దినముననే తన వ్యాపారము విడిచిపెట్టి, వెంటనే ఆ కీర్తన వ్రాశాడని ప్రసంగములలో తరచుగా వింటుంటాము. జరిగినది అది కాదు. జరిగినది అంత సులువైన కథ కాదు గాని, దేవుని కృపను గూర్చి అంతకంటె ఎక్కువ నేర్పుతుంది.

తల్లి ఒడిలో నేర్చినది

జాన్ న్యూటను 1725వ సంవత్సరము జూలై మాసములో లండను నగరములోని వాపింగ్ అనే రేవు ప్రాంతములో జన్మించాడు. తండ్రి ఓడ కెప్టెను, స్వభావమున కఠినుడు. తల్లి ఎలిజబెత్తు భక్తురాలు. ఒక్కగానొక్క కుమారుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వాక్యములు, కీర్తనలు, ప్రశ్నోత్తరములు కంఠస్థము చేయించింది. అతడు దైవసేవకుడు కావాలని ఆమె కోరిక. కాని 1732లో, అతనికి ఏడేండ్లు నిండక ముందే, ఆమె క్షయవ్యాధితో మరణించింది. పదకొండవ ఏట అతడు తండ్రితోపాటు ఓడ ఎక్కాడు.

ఓడలలో పెరిగిన కుర్రవాడు తల్లి నేర్పినదంతా మరచిపోయాడు. దేవుడు లేడనే వాదములు చదివి, తాను నమ్మకపోవుటయే గాక తోటివారి విశ్వాసమును కూడా చెరుపుటకు పూనుకొన్నాడు. ఓడవారే విని సిగ్గుపడునంతగా దైవదూషణ చేసేవాడు. అతని మనస్సులో మిగిలిన కోమలమైన సంగతి ఒక్కటే. 1742లో కెంటు ప్రాంతములో చూచిన మేరీ కాట్లెట్ అనే బాలికపై అతనికి కలిగిన ప్రేమ అది.

దాసులకు దాసుడు

ఆ రోజులలో యుద్ధనౌకలకు మనుష్యులు చాలకపోతే రేవులలో దొరికిన యువకులను బలవంతముగా పట్టుకొనిపోయేవారు. ఆ విధముగా న్యూటను హార్విచ్ అనే యుద్ధనౌకలో చిక్కాడు. అక్కడ నుండి పారిపోయి పట్టుబడ్డాడు. అందరి యెదుట కొరడా దెబ్బలు తిని, ఉన్న హోదా పోగొట్టుకొన్నాడు. 1745లో మదీరా దీవి వద్ద అతనిని ఆఫ్రికాకు పోయే ఒక వర్తక ఓడకు మార్చివేశారు. సియెర్రా లియోన్ తీరమున ప్లాంటెయిన్ దీవులలో ఒక తెల్ల వర్తకుని వద్ద పనికి కుదిరాడు. ఆ వర్తకుడు బానిసలను కొని ఓడలకు అమ్మేవాడు.

అక్కడ న్యూటను జ్వరముతో పడిపోయాడు. ఇంటి యజమానురాలు అతనిని అసహ్యించుకొని తిండి, నీరు కూడ సరిగా ఇవ్వనిచ్చేది కాదు. ఆకలికి తాళలేక రాత్రివేళ తోటలో దుంపలు పెరికి పచ్చివే తిన్నాడు. ఆ దినములలో అతనికి రహస్యముగా అన్నము పెట్టినవారు ఎవరో తెలుసుకొనదగినది. సంకెళ్ళలో ఉన్న బానిసలు! తమకు దొరికే కొద్ది తిండిలో నుండే కొంత మిగిల్చి, ఎవరు చూచినా దెబ్బలు తప్పవని తెలిసియే, అతనికి తెచ్చిపెట్టారు. ఆ చేతి అన్నము తిని బ్రతికినవాడే కొద్ది సంవత్సరములకు అదే తీరమునకు కెప్టెనుగా వచ్చి అట్టివారినే కొన్నాడు. ఈ సంగతిని చదువరులు మరువకూడదని కోరుచున్నాము.

తుఫాను

తండ్రి విన్నపముపై గ్రేహౌండ్ అనే ఓడ కెప్టెను 1747లో న్యూటనును వెదకి ఎక్కించుకొన్నాడు. ఆ ఓడ బానిసలను మోసే ఓడ కాదు. బంగారము, ఏనుగు దంతములు, మైనము, రంగు కలప దాని సరుకు. 1748 మార్చిలో, ఇంగ్లండుకు తిరిగి వచ్చే దారిలో, అట్లాంటిక్ సముద్రముపై ఒక రాత్రి పెనుతుఫాను ఓడ ప్రక్కను బద్దలు చేసింది. న్యూటను మేల్కొని పైకి పరుగెత్తబోగా, కత్తి తెమ్మని కెప్టెను అతనిని వెనుకకు పంపాడు. అతని బదులు పైకి వెళ్ళినవానిని అల కొట్టుకొనిపోయింది.

న్యూటను తన్ను త్రాటితో కట్టుకొని గంటల తరబడి నీరు తోడాడు. తరువాత చుక్కాని పట్టి నిలిచాడు. నీరు తోడుతుండగా అనుకోకుండ దేవుని కనికరము కోరే మాట అతని నోట వచ్చింది. ఎన్నో ఏండ్లుగా దూషణకే అలవాటుపడిన నోరు అది. అంతలోనే, తనవంటివానికి కనికరము ఎట్లు దొరుకుతుందనే ప్రశ్న అతనిని పట్టుకొన్నది. మైనము, కలప తేలికైనవి గనుక ఓడ మునుగలేదు. చిరిగిన తెరచాపలతో, తరిగిపోయిన తిండితో దాదాపు నాలుగు వారములు కొట్టుకొని, ఏప్రిలులో ఐర్లండు తీరము చేరారు. ఆ మధ్యకాలములో అతడు క్రొత్త నిబంధన చదివాడు. లూకా సువార్త 15వ అధ్యాయములోని తప్పిపోయిన కుమారుని ఉపమానము తనకోసమే వ్రాయబడినట్లు అతనికి తోచింది. ఆ తుఫాను దినమును – నేటి కాలెండరు ప్రకారము మార్చి 21ని – ప్రతి సంవత్సరము ప్రార్థనతో ఆచరించాడు.

క్షమింపబడినవాడు, ఇంకను చూడలేనివాడు

మనము ఆశించునది ఇక్కడ జరుగలేదు. ఆ సంవత్సరమే న్యూటను బ్రౌన్‌లో అనే బానిసల ఓడపై రెండవ అధికారిగా బయలుదేరాడు. 1750లో మేరీని వివాహము చేసుకొన్నాడు. ఆ సంవత్సరము నుండి 1754 వరకు డ్యూక్ ఆఫ్ ఆర్గైల్, ఆఫ్రికన్ అనే ఓడలకు కెప్టెనుగా మూడు ప్రయాణములు చేశాడు. ఆదివారమున నావికులను కూర్చి ఆరాధన జరిపించేవాడు. తన గదిలో బైబిలు చదివేవాడు. ఆ గదికి దిగువన స్త్రీ పురుషులు సంకెళ్ళలో మూలుగుతుండేవారు. తిరుగుబాటు అనుమానము వచ్చినప్పుడు పిల్లల బొటనవ్రేళ్ళను సైతము ఇనుప బిగింపులో పెట్టించినట్లు అతని ఓడ దినచర్యలోనే ఉన్నది. ఆ వృత్తి చెరసాల కాపరి పనివంటిదని అతనికి అప్పుడప్పుడు వెగటు కలిగినను, అది పాపమని మాత్రము తోచలేదు. ఆ కాలపు సంఘమునకు కూడ తోచలేదు. 1754లో ఓడ ఉద్యోగము మానినది సహా మనస్సాక్షి వలన గాదు, ఆకస్మికముగా వచ్చిన మూర్ఛ వలన.

అట్లయితే 1748లో దొరికిన క్షమాపణ నిజమైనదేనా? ఈ ప్రశ్నను దాటిపోవుట మాకు న్యాయముగా తోచదు. తాను ఆ దినములలో పూర్తి విశ్వాసిని కాదని న్యూటనే తరువాత ఒప్పుకొన్నాడు. అయినను దేవుడు అతనిని విడిచిపెట్టలేదు. మన పాపమంతటిని మనము గ్రహించి, లెక్క వ్రాసి తెచ్చిన తరువాతనే దేవుడు క్షమిస్తాడంటే క్షమింపబడేవారెవరు? ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయములో పౌలు బోధించినట్లు, రక్షణ కృపచేతనే గాని మన క్రియల వలన కాదు. మన గ్రహింపు వలన కూడ కాదు. కాని కృప మనలను దొరికిన చోటనే ఉండనియ్యదు. క్షమించిన చేతితోనే కన్నులు కూడ తెరుస్తుంది. న్యూటను విషయములో దానికి నలువది సంవత్సరములు పట్టింది.

ఓల్నీ గురువు

1755 నుండి న్యూటను లివర్‌పూల్ రేవులో సుంకపు శాఖ ఉద్యోగిగా పనిచేస్తూ గ్రీకు, హెబ్రీ భాషలు సొంతముగా నేర్చుకొన్నాడు. గురుత్వము కోరినప్పుడు బిషప్పులు పలుమార్లు నిరాకరించారు. చివరకు డార్ట్‌మత్ ప్రభువు సహాయముతో 1764లో అభిషేకము పొంది, బకింగ్‌హాంషైరులోని ఓల్నీ గ్రామమునకు గురువుగా వెళ్ళారు. లేసు అల్లి జీవించే బీదలు ఆ సంఘస్థులు. వారి ఇండ్లకు నడిచి వెళ్ళి, వారి భాషలోనే బోధించి, ప్రార్థన కూటముల కొరకు కీర్తనలు వ్రాసేవారు. 1773 నూతన సంవత్సర దినమున దినవృత్తాంతముల మొదటి గ్రంథము 17వ అధ్యాయములోని దావీదు ప్రార్థనపై ప్రసంగమునకు తోడుగా వ్రాసినదే ఆ ప్రసిద్ధ కీర్తన. నేడు మనము పాడే రాగము దానికి జతపడినది 1835లో, అమెరికాలో.

1779లో వెలువడిన ఓల్నీ కీర్తనల సంపుటిలో 348 కీర్తనలున్నవి. వాటిలో అరువదికి పైగా విలియం కూపరు అనే కవి వ్రాసినవి. ఈ కూపరు న్యూటను గారికి ప్రాణమిత్రుడు. మానసిక వ్యాధితో బాధపడేవాడు. 1773లో ఆ వ్యాధి తిరుగబెట్టి, దేవుడు తనను శాశ్వతముగా త్రోసివేశాడనే భయము అతనిని ఆవరించింది. న్యూటను దంపతులు అతనిని ఏడాదికి పైగా తమ ఇంట ఉంచుకొన్నారు. ప్రాణము తీసుకొనకుండ కాపాడారు. విశ్వాసము చాలదని అతనిని గద్దించలేదు. 1800లో కూపరు ఆ చీకటిలోనే మరణించినను, అతడు క్రీస్తు చేతిలోనే ఉన్నాడని న్యూటను గారు నమ్మారు. మన భావముల మీద గాక దేవుని నమ్మకత్వము మీద క్షమాపణ నిలుస్తుందని దీనివలన నేర్చుకొంటాము. మన సంఘములలో ఇట్టి నలిగినవారు లేరా?

నలువది ఏండ్లకు పలికిన సాక్ష్యము

1780 నుండి న్యూటను గారు లండనులోని సెయింట్ మేరీ వుల్నోత్ దేవాలయమున గురువుగా ఉన్నారు. 1785 డిసెంబరులో విల్బర్‌ఫోర్సు అనే యువ పార్లమెంటు సభ్యుడు రహస్యముగా ఆయనను కలిశాడు. క్రొత్తగా మారుమనస్సు పొందిన అతడు రాజకీయములు విడువదలచాడు. విడువక అక్కడనే దేవుని సేవించుమని న్యూటను గారు సలహా ఇచ్చారు. బానిసల వ్యాపారమును నిషేధించుటకు పార్లమెంటులో జీవితకాలము పోరాడినవాడు ఆ యువకుడే.

1788 జనవరిలో న్యూటను గారు ఆఫ్రికా బానిసల వ్యాపారముపై ఒక చిన్న పుస్తకము ప్రచురించారు. నూరు టన్నుల ఓడలో 220 నుండి 250 మందిని ఎట్లు కుక్కేవారో, అరలో పుస్తకములవలె ఒకరి ప్రక్కన ఒకరిని ఎట్లు పరుండబెట్టేవారో, స్త్రీలపై ఏమేమి అఘాయిత్యములు జరిగేవో దాచకుండ వ్రాశారు. తాను అందులో పాలివాడనని, తన ఒప్పుకోలు ఆలస్యముగా వచ్చినదని, ఆ జ్ఞాపకము తనకు ఎల్లప్పుడును అవమానమేనని ఒప్పుకొన్నారు. పార్లమెంటు సభ్యులకు ఆ పుస్తకము పంపబడింది. ప్రీవీ కౌన్సిలు యెదుట, 1790లో హౌస్ ఆఫ్ కామన్స్ విచారణ సంఘము యెదుట ఆయనే నిలిచి సాక్ష్యమిచ్చారు.

జక్కయ్య తాను అన్యాయముగా తీసికొన్నదానిని నాలుగంతలుగా తిరిగి ఇచ్చాడు. న్యూటను గారు ఎవరికి తిరిగి ఇవ్వగలరు? తాను అమ్మిన వారిని వెదకి తెచ్చుట ఆయన చేతిలో లేదు. ఆయన క్షమింపబడినందున వారి సంకెళ్ళు ఊడలేదు. ఇది మరచి కృపను గూర్చి తేలికగా మాట్లాడరాదు. ఆయన చేతనైనది సత్యమును చెప్పుట. గౌరవనీయుడైన వృద్ధ గురువు తన పరువును లక్ష్యపెట్టక దానిని చెప్పారు. దేవుడు క్షమించాడని ఎరిగినవాడే తన పాపమును నిజమైన పేరుతో పిలువగలడు. క్షమాపణ దొరకదని భయపడేవాడు దానిని కప్పిపుచ్చుతాడు.

1807 మార్చి 25న బానిసల వ్యాపార నిషేధ చట్టమునకు రాజామోదము లభించింది. చూపు మందగించిన న్యూటను గారు ఆ వార్త విన్నారు. ఆ సంవత్సరమే డిసెంబరు 21న ప్రభువునందు నిద్రించారు. తమ సమాధి రాతిపై ఏమి చెక్కవలెనో తామే ముందుగా వ్రాసి ఉంచారు. అందులో తమ అవిశ్వాసమును, దుష్ప్రవర్తనను దాచలేదు. క్రీస్తు కనికరమును తప్ప మరి దేనిని తమ ఖాతాలో వ్రాసుకొనలేదు.

మనకు ఆయనతో ఒక చిన్న బంధము కూడ ఉన్నది. 1793లో భారతదేశమునకు ఓడ ఎక్కక ముందు విలియం కేరీ ఆయన సలహా కోరి వెళ్ళాడు. ఆ కేరీయు సహచరులును స్థాపించిన సెరాంపూరు ముద్రణాలయము నుండియే 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడింది.

మన పండుగకు ఒక మాట

ఆదివారపు ఆరాధన, ఓడ అడుగున మూలుగు – ఈ రెండును న్యూటను జీవితములో ఏండ్ల తరబడి ఒకే ఓడలో సాగినవి. మన ఆరాధనల అడుగున ఏ మూలుగు ఉన్నది? ఒకే రొట్టెలో పాలుపొందేవారి మధ్య కులపు గోడ నిలువవచ్చునా? కట్నము లెక్క కుదిరిన తరువాతనే వివాహపు ప్రకటన చదువబడవచ్చునా? దేవుడు ఇంకను కన్నులు తెరువవలసిన చోట్లు ప్రతి కాలపు సంఘములోను ఉంటాయి.

దీనివలన మనము నిరాశపడనక్కరలేదు. నలువది ఏండ్లు సహించి ఒక మనుష్యుని కన్నులు తెరిచిన దేవుడు మనకును దేవుడు. నూరేండ్లు మన డయోసిస్‌ను భరించినది ఆయన కృపయే. క్షమింపబడితిమనే ధైర్యముతో మన పాపములను పేరుపెట్టి ఒప్పుకొని, చేతనైనంత వరకు సరిచేసుకొని, రెండవ శతాబ్దిలో అడుగిడుదుము గాక. మహిమ ఘనతలు ప్రభువునకే చెందును గాక. ఆమేన్.