గండికోట కథను కాగితం ఎక్కించిన కల్నల్ మెకంజీ.. తెర వెనక ఉన్నది తెలుగువాళ్లే!

జమ్మలమడుగు మీదుగా గండికోటకు వెళ్లేవాళ్లు పెన్నా లోయ దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తుంటారు. కానీ ఆ కోటను ఏలిన పెమ్మసాని నాయకుల కథ, చుట్టుపక్కల ఊళ్ల పుట్టుక మనకు ఇంత వివరంగా తెలిశాయంటే కారణం 200 ఏళ్ల కిందటి కైఫియత్తులు. వాటిని రాయించింది కల్నల్ కాలిన్ మెకంజీ.

స్కాట్లాండ్ నుంచి మద్రాసుకు..

స్కాట్లాండ్‌లోని స్టోర్నోవేలో పుట్టిన మెకంజీ 1783లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసులో దిగారు. ఇంజినీరుగా కోటలు, రోడ్లు, నదులు కొలవడం, మ్యాపులు గీయడం ఆయన పని. అయితే కొలిచి వదిలేయలేదు. కోట కనిపిస్తే బొమ్మ గీయించారు, గుడి కనిపిస్తే శాసనం నకలు తీయించారు. 1794లోనే శ్రీశైలం వెళ్లి ఆలయ విశేషాలు రాశారు.

ఏలూరు అన్నదమ్ములు

మెకంజీకి తెలుగు రాదు. మరి ఇంత సమాచారం ఎలా వచ్చింది? ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు లక్ష్మయ్య, రామస్వామి ఆయనకు కళ్లూ చెవులూ అయ్యారు. బొర్రయ్య 1803లో ముప్పై ఏళ్లు కూడా నిండకుండానే చనిపోయారు. ఆ బాధ్యత లక్ష్మయ్య ఎత్తుకున్నారు.

1800లో నిజాం రాయలసీమను కంపెనీకి అప్పగించారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలూ అందులోనే ఉన్నాయి. ఆ తర్వాత మెకంజీ మనుషులు ఇక్కడి ఊళ్లూ తిరిగారు. కరణాల దగ్గర కూర్చుని ఊరు ఎవరు కట్టారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఎవరెవరు ఏలారు అని అడిగి రాసుకున్నారు. అవే కైఫియత్తులు!

బొమ్మల్లోనే మిగిలిన అమరావతి

1811లో డచ్‌వాళ్ల జావాపై దండయాత్రకు వెళ్లిన మెకంజీ, అక్కడే డచ్ కుటుంబానికి చెందిన పెట్రోనెల్లాను పెళ్లి చేసుకున్నారు. 1815లో భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు. 1816 నుంచి అమరావతి స్తూపం శిల్పాలను వరసగా బొమ్మలు వేయించారు. అప్పటికే అక్కడి పాలరాళ్లు సున్నం బట్టీల పాలవుతున్నాయి. కొన్ని శిల్పాలు ఈరోజు ఆ బొమ్మల్లో తప్ప ఇంకెక్కడా లేవు.

రాయని పుస్తకం

సేకరించినదంతా కలిపి పుస్తకం రాయాలన్నది ఆయన కోరిక. అది తీరకుండానే 1821 మే 8న కలకత్తా దగ్గర కన్నుమూశారు. 2,630 బొమ్మలు, 8,076 శాసనాల నకళ్లు, 6,218 నాణేలు మిగిలాయి. కంపెనీ ఆయన భార్యకు లక్ష రూపాయలిచ్చి మొత్తం కొనేసింది.

ఆ పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకొచ్చారు. దేశీయుడికి అంత సామర్థ్యం ఉండదంటూ కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు తోసిపుచ్చారు. అన్నేళ్లు ఆ పనిని నడిపించింది ఆయనే అయినా సరే!

ఇప్పుడెక్కడున్నాయి?

బొమ్మల్లో చాలా భాగం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. తెలుగు రాతప్రతులు ఎక్కువగా చెన్నైలో ఉండిపోయాయి. అయితే కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం జిల్లా కైఫియత్తులను పుస్తకాలుగా అచ్చు వేసింది. మీ ఊరి పేరు అందులో ఉందేమో.. ఈసారి కడప వెళ్తే ఓసారి చూడండి.